కిటికీ గట్టు మీది గ్లాసు



ఈసారి మా ఇంటి సంగతే చెబుతాను. గొప్పగా చెప్పుకోదగ్గది కాదు. కాని దాన్ని దాచుకుని పిల్లల పెంపకం గురించి ఈ పేజీలో ఇంకా రాస్తూ పోవడం నాకు చేతకాదు.

మొన్న వేసవి సెలవులకు మా మనవరాలు వచ్చింది. ఆరేళ్ళ పిల్ల. మధ్యాహ్నం పూట లక్కపిడతలు పరుచుకుని బొమ్మలకు కాఫీ ఇచ్చే ఆట ఆడుతోంది. నాలుగు బుల్లి గ్లాసులు చాప మీద పెట్టింది. అయిదోది తీసుకెళ్ళి కిటికీ గట్టు మీద బోర్లించింది.

"అదేమిటే, అక్కడ పెట్టావు?" అన్నాను.

"అది పనిచేసే అక్క గ్లాసు అమ్మమ్మా. దీంట్లో కలపకూడదు" అంది, నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు.

తలెత్తి మా వంటింటి కిటికీ వైపు చూశాను. అక్కడ స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. మా ఇంట్లో పనిచేసే ఆవిడకు రోజూ కాఫీ పోసే గ్లాసు.

పిల్లకు నువ్వేమైనా చెప్పావా అని మా అమ్మాయిని అడిగాను. "నేనేం చెప్పలేదమ్మా. అయినా ఆ గ్లాసు నా చిన్నప్పటినుంచీ అక్కడే ఉందిగా" అంది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాయనమ్మ గుర్తుకొచ్చింది.

మా తాతగారు బందరు ప్రాంతం నుంచి మద్రాసు వచ్చి పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనికి కుదిరారు. అందువల్లే మేము తెలుగు మాట్లాడుకునే మద్రాసువాళ్ళమయ్యాం. నాయనమ్మకు చదువు రాదు. బైబిలు నాచేత చదివించుకుని వినేది. అన్నం వండే ప్రతిసారీ, బియ్యం కడగబోయే ముందు, అందులోంచి పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న డబ్బాలో వేసేది. ఆదివారం ఆ బియ్యం మూటగట్టుకుని గుడికి తీసుకెళ్ళి కానుకగా ఇచ్చేది. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో ఆ పద్ధతి ఇప్పటికీ కొందరికి గుర్తుండే ఉంటుంది. నెలాఖరులో ఇంట్లో బియ్యం తగ్గినా ఆ పిడికిలి మాత్రం తగ్గేది కాదు.

ఆ రోజుల్లో మా వీధి ఊడ్చే మనిషి ఎండలో వచ్చి అరుగు మీద కూర్చునేది. నాయనమ్మ మేము తాగే కంచు చెంబుతోనే ఆమెకు మజ్జిగ ఇచ్చేది. పక్కింటావిడ ఒకసారి, "అదే చెంబా అమ్మా?" అని అడిగింది. "దాహం ఒకటేగా తల్లీ, చెంబులు రెండెందుకు?" అంది నాయనమ్మ. అంతే. దాని మీద మాకు ఎన్నడూ పాఠం చెప్పలేదు. బహుశా చెప్పవలసిన సంగతని కూడా అనుకుని ఉండదు.

అలాంటి ఇంట్లో పెరిగిన నాకు ఈ గ్లాసు ఎక్కడినుంచి వచ్చింది? పెళ్ళయ్యాక 1978లో మేము అద్దెకు దిగిన ఇంటి యజమానురాలు ఆ నియమం పెట్టింది. పనిమనిషికి వేరే గ్లాసు ఉండాలంది. ఇల్లు దొరకడమే కష్టంగా ఉన్న రోజులు, ఎందుకు గొడవని ఊరుకున్నాను. 1991లో సొంత ఇంటికి వచ్చాం. అడిగేవాళ్ళు లేరు. అయినా సామానుతో పాటు ఆ అలవాటూ వచ్చింది. ఇల్లు మారింది గాని కిటికీ గట్టు మారలేదు.

ఇంకా సిగ్గుపడవలసిన మాట ఒకటుంది. ముప్ఫై ఏళ్ళు సండే స్కూలులో పాఠాలు చెప్పాను. బావి దగ్గర యేసు ప్రభువు సమరయ స్త్రీని దాహానికి నీళ్ళడిగిన కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. యూదులు సమరయులతో పొత్తు పెట్టుకోని కాలంలో ఆమె చేతి నీళ్ళే అడిగాడని పిల్లలకు విడమరిచి చెప్పేదాన్ని. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర అందరితో కలిసి ఒకే పాత్రలో తాగేదాన్ని. సోమవారం ఉదయం కిటికీ గట్టు మీది గ్లాసు తీసేదాన్ని. ఈ రెండూ ఒకదానికొకటి తగలకుండా ఇన్నేళ్ళు ఎలా నడిచాయో నాకే ఆశ్చర్యం.

కాజీపేట వైపు రైల్లో వెళుతూ డోర్నకల్ జంక్షన్ దాటినప్పుడల్లా బిషప్ అజరయ్యగారిని తలుచుకుంటాను. తమిళనాట ఉన్న తెలుగువాళ్ళం మనం. ఆయన తెలుగునాటికి వెళ్ళిన తమిళుడు. 1874లో తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఊరి పాదిరి. ఏళ్ళ తరబడి కొడుకు కోసం ప్రార్థించి కన్న తల్లి, బైబిల్లో హన్నా కొడుకు పేరే, సమూయేలని పెట్టుకుంది. ప్రార్థనలో, క్రమశిక్షణలో పెంచింది. చదువుకునే రోజుల్లోనే ఆయన, కులాలవారీగా విడివిడిగా కూర్చుని తినే అలవాటు పోవాలని తోటి విద్యార్థులతో కలిసి పాటుపడ్డారు.

1909లో ఆయన డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, ఊరి వెలుపల ఉంచబడిన మాల, మాదిగ పల్లెల్లో తిరిగారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1945లో కన్నుమూసే నాటికి ఆయన అధ్యక్ష మండలంలోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. బిషప్ అయ్యాక ఎవరో చెబితే నేర్చుకున్న సమానత్వం కాదది. బడిలో పక్కవాడితో కలిసి తిన్న అన్నం అది.

చిన్ననాటి ప్రభావమంటే మనం పిల్లలకు నేర్పినదని అనుకుంటాం. వాక్యం కంఠస్థం చేయిస్తాం, ప్రార్థన చెప్పిస్తాం. అవి ఉండవలసినవే. కాని పిల్లల కళ్ళు మన పెదవుల మీద కంటే మన చేతుల మీదే ఎక్కువసేపు ఉంటాయి. నాయనమ్మ పిడికిలి నా దాకా వచ్చింది. నా గ్లాసు నా మనవరాలి దాకా వెళ్ళింది. రెండింటి గురించీ ఎవరూ ఒక్క మాట చెప్పలేదు.

మర్నాడు ఆ గ్లాసు తీసి మిగతా వాటిలో కలిపేశాను. ఆవిడ వచ్చి కిటికీ దగ్గర వెతుక్కుంది. "నా గ్లాసు ఏదమ్మా?" అంది. అన్నీ ఒకటేనని చెప్పి మేము తాగే గ్లాసులో కాఫీ పోసి ఇచ్చాను. పుచ్చుకుంది గాని పెరటి గుమ్మం దాటి బయట నిలబడే తాగింది. ఇన్నేళ్ళు నేను నేర్పిన పాఠం ఒక్క రోజులో పోతుందా? వారం తర్వాత వంటింట్లో పీట మీద కూర్చుంది. ఆమెను క్షమించమని అడగడానికి నాకు ఇంకో వారం పట్టింది. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వుకు అర్థం ఏమిటో నేను ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

మనవరాలి బుల్లి గ్లాసు ఒకరోజు చాప మీద ఉండేది, ఒకరోజు గట్టు మీద ఉండేది. నేనేమీ అనలేదు. రోజూ ఆవిడతో కలిసి కాఫీ తాగుతూ కూర్చున్నాను. పిల్ల చూసుకుంటుందిలే అనుకున్నాను.

మీ ఇంట్లో దేవుడి పేరు ఏదైనా కావచ్చు. ఈ సంచిక మూసిన తర్వాత ఒక్కసారి లేచి మీ వంటింటి కిటికీ గట్టు, పెరటి గుమ్మం చూసి రండి. అక్కడ విడిగా పెట్టిన వస్తువు ఏదైనా ఉంటే, దాన్ని మీకంటే ముందే మీ ఇంటి చిన్నపిల్ల చూసి ఉంటుంది.