గుండె పంపే కబురు: మా ప్రణాళిక

బలహీనపడిన గుండె ఊరుకోదు. లోపలి ఒత్తిడికి గదుల గోడలు సాగినప్పుడు, ఆ గోడల కణాలే ఒక హార్మోనును రక్తంలోకి వదులుతాయి. మూత్రపిండాలకు అది మోసుకెళ్లే కబురు ఒక్కటే: ఉప్పునూ నీటినీ బయటికి పంపి నా బరువు దించండి. 1981లో కెనడాలో అడాల్ఫో డి బోల్డ్ బృందం ఎలుక గుండె పైగదుల సారాన్ని మరో ఎలుకకు ఎక్కించి, మూత్రంతో పాటు ఉప్పు ఒక్కసారిగా పోవడం చూసింది. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ కోవకే చెందిన మరో పదార్థాన్ని పంది మెదడులో కనిపెట్టారు. పేరులో మెదడు మిగిలిపోయినా, అది ప్రధానంగా పుట్టేది గుండె కింది గదుల్లోనే. అదే బీఎన్‌పీ. దానితో పాటే విడివడి, రక్తంలో మరికాస్త ఎక్కువసేపు నిలిచే తునక ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ.

ఆ కబురు చదవడం మనం ఎప్పుడో నేర్చుకున్నాం. చదివాక కదిలే వ్యవస్థను ఇప్పుడు నిర్మించాలి. ఆయాసం ముదిరాక ఆసుపత్రికి పరుగు, నీరు లాగేసి ఇంటికి పంపడం, మళ్లీ ఆయాసం, మళ్లీ పరుగు: ఈ గానుగ తిరుగుడుకు కాలం చెల్లింది. దాని స్థానంలో రావలసిన దాని కోసం మేము కలిశాం. మా నమ్మకాలు ఇవి.

1. రాబోయేది తెలుసుకోవడం రోగి హక్కు. 2013లో తిరువనంతపురం జిల్లాలో గుండె వైఫల్యంతో ఆసుపత్రుల్లో చేరిన 1,205 మందిని పరిశోధకులు నమోదు చేశారు. వారి సగటు వయసు సుమారు 61 ఏళ్లు. ఐదేళ్లు తిరిగేసరికి వారిలో 59 శాతం మంది లేరు. ఇంత పెద్ద ప్రమాదాన్ని “పెద్దాయనకు చెప్పకండి డాక్టరుగారూ” అన్న గుసగుసలో దాచడం ప్రేమే కావచ్చు. ఆ ప్రేమ ఆయనకు సిద్ధపడే సమయాన్ని ఇవ్వదు.

2. అంకె కన్నా అంకె నడక ముఖ్యం. ఆసుపత్రిలో చేరిన రోజు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ వేలల్లో ఉండవచ్చు. ఇంటికి వెళ్లే నాటికి అది కనీసం 30 శాతం దిగినవారి భవిష్యత్తు మెరుగ్గా ఉంటుందని, దిగనివారికి మరణం, మళ్లీ చేరిక రెండింటి ముప్పూ ఎక్కువని అధ్యయనాలు చూపాయి. కాళ్ల వాపు తీసిందని గుండె తేరుకుందనుకోకూడదు. అందుకే చేరిన రోజు ఒక పరీక్ష, వెళ్లే రోజు ఒక పరీక్ష కావాలి.

3. ఒక్క సాక్షితో తీర్పు చెప్పకూడదు. స్థూలకాయుల్లో బీఎన్‌పీ తక్కువగా కనిపిస్తుంది. వయసు, మూత్రపిండాల జబ్బు, గుండె లయ తప్పడం దాన్ని పెంచుతాయి. సాకుబిట్రిల్ వాడేవారిలో ఆ మందే బీఎన్‌పీ విచ్ఛిన్నాన్ని అడ్డుకుంటుంది కనుక, అక్కడ ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీనే నమ్మాలి. ట్రోపోనిన్ కండర కణాల గాయాన్ని చెబుతుంది. ఎస్‌టీ2, గాలెక్టిన్-3 గుండె గట్టిపడే తీరును సూచిస్తాయి. క్రియాటినిన్, సోడియం, ఫెరిటిన్ మిగతా ఒంటి సంగతి చెబుతాయి. వీటన్నిటినీ రోగి ముఖం చూస్తూ తూచగల వైద్యమే మాకు కావాలి.

4. జోస్యం వేరు, ముందుచూపు వేరు. 2017లో వెలువడిన గైడ్-ఇట్ అధ్యయనంలో 894 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అంకెను లక్ష్యంగా పెట్టి చికిత్స చేశారు. మామూలు చికిత్స కన్నా మెరుగైన ఫలితం రాలేదు. ఈ నిజాన్ని మేము దాచం, దీని మీదే నిలబడతాం. 2022లో స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్ అధ్యయనం మరో దారి పట్టింది. ఇంటికి వెళ్లిన రెండు వారాల్లోనే మందులను పూర్తి మోతాదుకు చేర్చడానికి పూనుకున్నారు, రోగులను పదే పదే పిలిచి చూశారు, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీని కాపలా పెట్టారు. 180 రోజుల్లో మరణం లేదా మళ్లీ ఆసుపత్రి పాలవడం 23.3 శాతం నుంచి 15.2 శాతానికి తగ్గింది. కొలత వెంట మనిషి కదిలినప్పుడే కొలతకు విలువ.

5. ముప్పు ఎక్కువ ఉన్నవారిదే ముందు వరుస. పెద్ద అంకె ఎవరి మీదా ఆశ వదులుకోవడానికి సాకు కాకూడదు, బీమా నిరాకరణకు ఆధారమూ కాకూడదు. అది ఎవరిని ముందు పిలవాలో చెప్పే పిలుపు. ఆ పిలుపు కార్పొరేట్ ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆగిపోతే మా పని సగంలో ఆగినట్టే.

మేము కోరే రేపు ఇలా ఉంటుంది. జిల్లా ఆసుపత్రి డిశ్చార్జి కాగితం మీద రెండు అంకెలు, వాటి కింద తెలుగులో రెండు వాక్యాల వివరణ, పక్కనే వారంలోపు మళ్లీ రావలసిన తేదీ. ఇంట్లో బరువు తూచే యంత్రం. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయాలని మనవరాలికీ తెలుసు. ఆ ఫోన్ ఎత్తే నర్సుకు మోతాదు మార్పు గురించి డాక్టరును అప్పటికప్పుడు అడిగే వీలుంది. ఆయాసం రాకముందే ఆయాసానికి జవాబు సిద్ధంగా ఉంది.

మీరు డాక్టరైతే ఈ పరీక్షను రెండోసారి కూడా రాయండి. ల్యాబ్‌లో పనిచేస్తుంటే, కిందటిసారి అంకెను ఈసారి అంకె పక్కనే అచ్చువేయండి. ఈ రెండూ కాక కేవలం ఒక కొడుకో కూతురో అయితే, ఇంట్లోని డిశ్చార్జి కాగితాన్ని ఈ రాత్రే తీసి చూడండి. అంకె ఉందా? పక్కన తేదీ ఉందా? ఆ తేదీ ఉండవలసిన చోటు ఖాళీగా కనిపిస్తే, అది నింపించడమే మీరు మాతో కలిసి చేసే మొదటి పని.