మాంధాత మద్రాసులో, మట్టిదిబ్బ మనకి

జగ్గయ్యపేట ధనంబోడు మీద 1882లో జేమ్స్ బర్జెస్ బౌద్ధస్తూపాన్ని తవ్వించాడు. ఇక్కడి మాంధాత చక్రవర్తి ఫలకం, మబ్బుల్లోంచి నాణేలు కురుస్తున్న ఆ శిల్పం, ఇవాళ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. “అక్కడ భద్రంగా ఉంది కదా!” అంటారు పెద్దలు. ఎవరికి భద్రం? నందిగామ బడిపిల్లలు దాన్ని చూడాలంటే రాష్ట్రం దాటాలి.

ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి ఈ స్తూపానికి ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టాడు. శాసనంలో తండ్రి పేరూ, తన ఊరి పేరూ చెక్కించుకున్నాడు. రాయి ఎవరిదో, ఏ ఊరిదో చెప్పాలని ఆ పనివాడికి తెలుసు. మన ఏలికలకే పట్టలేదు.

ఫలకం వెనక్కి రావాలి, నిజమే. ఆ తగువు తేలేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలా? నేనడిగేది జగ్గయ్యపేటలో రెండు గదులు. మాంధాత ఫలకానికి మంచి నకలు, శాసనాలకి తేటతెలుగులో వివరం, రోజూ తాళం తీసే ఒక మనిషి. మన మెట్ట ఊళ్ళలో అటకలెక్కిన గొర్రులూ గుంటకలూ తాటాకు పుస్తకాలూ కూడా అక్కడికే చేర్చొచ్చు.

విగ్రహాలకి కోట్లు దొరుకుతున్నాయి. రెండు గదులకి దొరకవంటే నేను నమ్మను.