చిన్నవాటికి ఇంత పెద్ద పేర్లా?

ఈసారి నేను కథ రాయలేదు. ఒక అభిప్రాయం రాస్తున్న. కంటికి కనపడనివాటికి పెట్టిన పేర్లను మనం బట్టీ పట్టొద్దు. విప్పి చూడాలె. అర్థం కాకపోతే విప్పి చెప్పమని అడగాలె.

చీమకు రెండక్షరాల పేరు. అంత పెద్ద ఏనుగుకు మూడక్షరాలే. కంటికే కనపడనివాటికి చూడండి: సూక్ష్మజీవి, పరాన్నజీవి, ప్లాస్మోడియం, హిమోగ్లోబిన్! మన ఇండ్లల్ల బడికొచ్చిన మొదటివాళ్లం మనమే. ఈ మాటలకు అర్థం చెప్పేటోళ్లు ఇంట్ల లేరు. అందుకే బట్టీ పడుతం, పరీక్షల రాస్తం, మర్చిపోతం.

మాటను విప్పితే భయం పోతది. పర అంటే ఇతరులు. ఇతరుల అన్నం మీద బతికే జీవి పరాన్నజీవి. మామిడిచెట్టు మీద బదనికను చూసిన మనకు ఇది కొత్తనా? బ్యాక్టీరియా అనే మాట గ్రీకు భాషల 'చిన్న కర్ర' అనే మాట నుంచి వచ్చింది. కొన్ని బ్యాక్టీరియాలు పుల్లముక్కల లెక్కనే ఉంటయి. వైరస్ అంటే లాటిన్ల విషం.

ఒక్కోసారి పేరే తప్పు చెప్తది. మలేరియా అంటే ఇటలీ భాషల చెడ్డగాలి. గాలి సోకి చలిజ్వరం వస్తదని వెనకట అనుకున్నరు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదుల రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపుల మలేరియా పరాన్నజీవిని చూసిండు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. రాస్‌కు 1902ల నోబెల్ బహుమతి వచ్చింది. గాలి తప్పు కాదని తేలింది కానీ పేరు మాత్రం మారలేదు. అందుకే పేరు నేర్చుకుంటే సరిపోదు, లోపలి సంగతి తెలవాలె.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్న. మన స్కేలు మీద రెండు చిన్న గీతల నడుమ ఒక మిల్లీమీటరు ఉంటది. అందుల ఎర్ర రక్తకణాలను వరుసగా పేర్చితే సుమారు 130 పడుతయి. ఆ కణం గుండ్రంగ, మెత్తగ ఉంటది, దాదాపు 120 రోజులు బతుకుతది. సికిల్ సెల్ జబ్బుల అది కొడవలి లెక్క వంగి, సన్నని రక్తనాళాలల్ల ఇరుక్కుంటది. ఒళ్లంత నొప్పి. ఆ కణం 10, 20 రోజులకే చచ్చిపోతది, రక్తం తగ్గుతది. సికిల్ అంటే కొడవలి. మన అమ్మల చేతుల ఉండేదే! 'కొడవలి కణం' అంటే అమ్మకు ఎంత తొందరగ అర్థమైతది!

ఆదివాసులల్ల ఈ జబ్బు ఎక్కువని 2023 జూలై 1న దేశంల సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టిన్రు. 40 ఏండ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చెయ్యాలని అనుకున్నరు. మంచిదే. కానీ చీటీ మీద 'ఏఎస్' అనో 'ఎస్ఎస్' అనో రాసిస్తే ఇంట్లోళ్లకు ఏం తెలుస్తది? మా దిక్కు ఒక ఇంట్ల అట్లాంటి చీటీని రేషన్ కార్డుతోని పెట్టెల దాచిపెట్టిన్రు. అది డాక్టరు సంతకం అనుకున్నరు.

ఆ రెండు అక్షరాలల్లనే ఎంతో తేడా ఉన్నది. ఎస్ఎస్ అంటే జబ్బు ఉన్నట్టు. ఏఎస్ అంటే జబ్బు లేదు, కానీ ఆ గుణం రక్తంల ఉన్నది. తల్లిదండ్రులు ఇద్దరూ ఏఎస్ అయితే, పుట్టే ప్రతి బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగుల ఒక వంతు. పెండ్లికి ముందే తెలవాల్సిన మాట ఇది. 'పాజిటివ్' సంగతి కూడ అంతే. క్లాసుల పాజిటివ్ అంటే మంచిది, ల్యాబుల పాజిటివ్ అంటే వెతికింది దొరికిందని. ఎవరూ చెప్పకపోతే ఎట్ల తెలుస్తది?

ఇది ఎవరి శాపం కాదు, ఏ తల్లి తప్పూ కాదు. ఏఎస్ ఉన్నోళ్లకు మలేరియా ముదిరి ప్రాణం మీదికి వచ్చుడు తక్కువని 1954ల ఆలిసన్ అనే శాస్త్రవేత్త చూపించిండు. అందుకే మలేరియా ఎక్కువున్న చోట్ల ఈ గుణం తరతరాలుగ నిలిచింది. అట్లని దోమతెర వదిలెయ్యొద్దు. "దానికి రక్తంల రోగమున్నది" అని ఎవరినీ పక్కకు పెట్టొద్దు. ఇది ముట్టుకుంటే అంటదు.

పెద్ద పేర్లు రాకపోతే డాక్టరు చదువు ఎట్ల చదువుతరని కొందరు అంటరు. నిజమే, పేర్లు వద్దని నేను అంటలేను. కొత్తవాడల జంపఖానాలు నేసే ఇండ్లల్ల పిల్లలకు పడుగు, పేక అనే మాటలు ఎవరూ బట్టీ పట్టియ్యరు. చేతిల దారం ఉన్నది కాబట్టి మాట వస్తది. మనకు మాట మాత్రమే ఇచ్చి దారం ఇయ్యకపోతే ఎట్ల?

అందుకే నేను నాలుగు అడుగుతున్న. సూక్ష్మదర్శిని కింద ఒక రక్తపు చుక్కను మన అందరికీ ఒక్కసారన్న చూపియ్యాలె. వారానికొక మాట విప్పి బోర్డు మీద రాయాలె. రక్తపరీక్ష చేస్తే ఫలితం అందరి ముందట చదవకుండ, ఎవరిది వాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పాలె. ఎస్ఎస్ ఉన్న పిల్లకు చలి తగిలినా, నీళ్లు తక్కువ తాగినా నొప్పి లేస్తది. ఆ పిల్లకు చలికాలం స్నానానికి వేడినీళ్లు ఇయ్యాలె, తాగే నీళ్ల సీసా ఎప్పుడూ దగ్గర ఉండనియ్యాలె.

మన పని కూడ ఒకటి ఉన్నది. సెలవులకు పోయినప్పుడు పెట్టెల దాచిన చీటీలు తీసి, మన భాషల అమ్మకు, నాయనకు చదివి చెప్పాలె. ఆ పని మనం కాకపోతే ఇంట్ల ఇంకెవరు చేస్తరు?

ఇది నా అభిప్రాయం. మీది వేరే ఉంటే కింద జాగ ఉన్నది, రాయండి.

– 9వ తరగతి విద్యార్థిని