గాలి కన్ను

వేసవి రాత్రి కరెంటు పోతే ముందు చేయి వెళ్లేది కిటికీ రెక్క మీదికే. లోపలికొచ్చే ఆ కాస్త గాలినీ పేరులోనే దాచుకున్న మాట ఇంగ్లీషులో ఒకటుంది: విండో. రోజూ పలికేదే గానీ, విడదీసి చూసేవాళ్లు తక్కువ. స్కాండినేవియావాళ్ల పాత నార్స్ భాషలో అది 'విండౌగ'. 'విండ్' అంటే గాలి, 'ఔగ' అంటే కన్ను. గాజు పలకలు లేని రోజుల్లో పొగ పోవడానికీ వెలుతురు రావడానికీ వదిలిన కంతకు ఎంత చక్కని పేరు!

అప్పటి ఇంగ్లండువాళ్లకు పేరు లేక కాదు. వాళ్లు దాన్ని 'ఏగ్‌థ్యురెల్' అనేవారు, అంటే కంటి రంధ్రం. అదీ కన్నే. 8వ శతాబ్దం చివర దోపిడీకొచ్చి, తర్వాత అక్కడే పొలాలు దున్నుకుంటూ ఉండిపోయిన స్కాండినేవియా జనం నోట గాలి కన్ను వచ్చింది. 13వ శతాబ్దానికల్లా ఇంగ్లీషు రాతల్లోకి ఎక్కింది. ఓడిన మాట పూర్తిగా పోలేదు. దాని రెండో సగం ముక్కు రంధ్రాన్ని చెప్పే 'నాస్ట్రిల్' చివర ఇంకా నక్కి ఉంది.

మనకూ గవాక్షం ఉంది. గో, అక్షం: ఆవు కన్ను. వాతాయనమూ ఉంది, గాలి దారి. ఆ స్కాండినేవియావాళ్లు గాలినీ కన్నునూ ఒక్క మాటలో కలిపేస్తే, మనవాళ్లు రెండు మాటలకు పంచారన్నమాట. ఏలూరు జిల్లా గుంటుపల్లి బౌద్ధ గుహ వాకిలి మీద గుర్రపు లాడంలా తొలిచిన కమాను ఉంటుంది. శిల్పం తెలిసినవాళ్లు ఆ రూపాన్ని గవాక్షమనే అంటారు. ఇళ్లలో మాత్రం హిందీ ఖిడ్కీకి చుట్టమైన కిటికీయే నిలిచింది. గవాక్షం కవులకు మిగిలింది.

విండో చేరిన చోట దానికి పన్నూ తప్పలేదు. 1696లో ఇంగ్లండు పాలకులు కిటికీల లెక్కన ఇళ్లకు పన్ను వేశారు. లెక్క తగ్గించుకోవడానికి జనం ఇటుకలు పేర్చి కొన్నింటిని మూసేశారు. 1851లో పన్ను పోయింది గానీ, ఆ మూసిన కళ్లు కొన్ని పాత గోడల్లో నేటికీ కనిపిస్తాయి.

మనకు ఆ పన్ను లేదు. ఏసీ వేయగానే రెక్కలు మనమే బిగిస్తాం, మళ్లీ కరెంటు పోయేదాకా.