రంగు పేరెత్తకుండానే ఓటుకు అడ్డం

1965 మార్చి 7న అమెరికాలోని అలబామా రాష్ట్రం సెల్మాలో ఓటు హక్కు కోసం నడిచిన నల్లజాతి ప్రజలను పోలీసులు నెత్తురోడేలా కొట్టారు. ఆ ఏడాదే ఓటు హక్కుల చట్టం వచ్చింది. వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల నిబంధనలు మార్చాలంటే ఫెడరల్ అనుమతి తప్పనిసరైంది. అలబామాలోని షెల్బీ కౌంటీ వేసిన కేసులో 2013లో సుప్రీంకోర్టు ఆ కట్టడిని నిర్వీర్యం చేసింది.

మరుసటి ఏడాదే అలబామా ఫొటో గుర్తింపు నిబంధనను అమలులో పెట్టింది. 2015లో బడ్జెట్ లేదంటూ 31 డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయాలను మూసేస్తామంది. అక్కడ చాలామందికి ఫొటో కార్డంటే ఆ లైసెన్సే. దెబ్బ ఎక్కువగా నల్లజాతి వారుండే 'బ్లాక్ బెల్ట్' కౌంటీలకు తగిలింది. నిరసనల తర్వాత నెలకొక రోజు తెరుస్తామన్నారు. నల్లజాతి వారి మీదే భారం ఎక్కువ పడిందని 2016లో ఫెడరల్ రవాణా శాఖ తేల్చాకే పనిగంటలు పెంచడానికి ఒప్పుకున్నారు.

ఉచిత ఓటరు కార్డు ఇస్తున్నాం కదా అంటుంది ప్రభుత్వం. కార్డు ఉచితమే. దాని కోసం ఆఫీసుకు తిరిగే బస్సు, పోయే కూలి ఉచితం కాదు.

చాలా రాష్ట్రాల్లో పోలింగ్‌కు ముందే కేంద్రానికి వెళ్లి ఓటేయొచ్చు. అలబామాలో ఆ వీలు లేదు. పోలింగేమో మంగళవారం, పనిదినం. రాలేనివారు పోస్టులో ఓటేయాలంటే చట్టం ఒప్పుకునే కారణం చూపాలి, గుర్తింపు కార్డు నకలు జతచేయాలి. చివరి రోజుల్లో ఆసుపత్రి పాలైతే అత్యవసర ఓటుంది. దానికీ దరఖాస్తు, వైద్య ధ్రువీకరణ కావాలి. కాగితాలు పట్టుకొని తిరగడానికి మనిషున్నవారికే అది దక్కుతుంది.

ఈ నిబంధనల్లో ఎక్కడా రంగు మాట లేదు. మన దగ్గరి నిబంధనల్లోనూ కులం మాట ఉండదు. ఓటరు కార్డు లేకపోతే ఉపాధి హామీ జాబ్ కార్డు చూపొచ్చు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవారు ఇంటి నుంచే ఓటేశారు. ఇవి మంచివే. కానీ ముంబయికి వలసపోయిన పాలమూరు కూలీ ఓటేయాలంటే సొంతూరికి రావాల్సిందే. వలస ఓటర్ల కోసమని 2022 డిసెంబర్‌లో ఎన్నికల సంఘం ముందుకు తెచ్చిన రిమోట్ ఓటింగ్ యంత్రం ఆచరణలోకి రాలేదు.

వయోజనులందరికీ ఓటు కావాలని అంబేడ్కర్ 1928లోనే సైమన్ కమిషన్ ముందు అడిగారు. ఆ ఓటు రాజ్యాంగంలో వచ్చింది. అది వలస కూలీ చేతికి అందేలా చూడటం ఎన్నికల సంఘం బాధ్యత. వచ్చే ఎన్నికలకు ముందే దానికి గడువు చెప్పాలని మేం అడుగుతున్నాం.