ఒకని వేదన, పదుగురి పాట

కృష్ణాతీరమున యోగానంద నరసింహస్వామి కొలువైయున్న వేదాద్రి మొదలుకొని నందిగామ మెట్టసీమ వరకు, తాళములు చేతబట్టిన భజన సమాజము రామదాసు కీర్తన పాడని పల్లె అరుదు. జగ్గయ్యపేటకు ఉత్తరముగా, నేటి ఖమ్మం జిల్లాలోనున్న నేలకొండపల్లిలో జన్మించి రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న, 1672లో గోలకొండ సింహాసనమెక్కిన అబుల్ హసన్ తానీషా కొలువున తహశీల్దారై, ఆరు లక్షల వరహాల సర్కారు సొమ్ముతో భద్రగిరిపై రామాలయము నిర్మించి, ఆ నేరమునకై పన్నెండేండ్లు చెరలో మగ్గెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ చెరలో నుండియే సీతమ్మకును, రాముని తమ్ములకును తాను చేయించిన నగల వెలలను ఒక్కొక్కటిగా ఏకరువు పెట్టి, ఎవడబ్బ సొమ్మని ఆ రామప్రభువునే నిలదీసి, అంతలోనే, దెబ్బల బాధ ఓర్వలేక తూలనాడితిని, మన్నింపుమని వేడుకొన్న కీర్తన వెలువడినది. అది స్తోత్రము కాదు. ఒంటరియైన మనుష్యుని ఆక్రోశము.

ఇట్టి ఆక్రోశమే దేశకాలములు వేరైన చోట వేరొక నాదమును వెదకికొన్నది. అమెరికాలోని సియాటెల్ నగరమున వర్ధిల్లి, గిటారుల కరకు ధ్వనితో యువజనుల అంతర్వేదనకు గొంతునిచ్చిన గ్రంజ్ రాక్ సంగీతమున, 1991లో పెర్ల్ జామ్ బృందము వెలువరించిన ‘అలైవ్’ (బ్రతికియున్న) అను పాట ప్రసిద్ధము. తండ్రియని తాను నమ్మినవాడు మారుతండ్రియనియు, కన్నతండ్రి అప్పటికే గతించెననియు కౌమారమున తెలిసికొన్న గాయకుడు ఎడ్డీ వెడ్డర్, తాను బ్రతికియుండుటనే శాపముగా తలచి దానిని రచించెను. అయినను వేలాది శ్రోతలు ఆ పల్లవిని జీవనోత్సాహముతో ఎలుగెత్తి పాడగా పాడగా, వారే తన శాపమును విడిపించిరని ఆయనయే అనంతరకాలమున చెప్పెను.

పాటకు కర్త యుద్దేశించిన యర్థమే పరమార్థమనువారును, కర్త జీవితముతో పాటకు పనిలేదనువారును కలరు. మా దృష్టిలో ఈ రెండును అసమగ్రములే. సొంత గాయమునుండి పుట్టని పాట పరుల గుండెను తాకజాలదు. పరుల గొంతున పడని గాయము మానదు. పత్తికిని మిరపకును అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టి, పంట చేతికందని యేట వడ్డీ లెక్కలు చూచికొను మా మెట్ట రైతు, రాత్రి భజనలో ఆ నగల లెక్కను పాడునపుడు, గోపన్న దుఃఖమును తన దుఃఖముగా పాడుచున్నాడు. ఆ క్షణమున అర్థము మారుట లేదు, విస్తరించుచున్నది.

కావున భజన గురువులకు మా విన్నపమొక్కటే: వేగమునకును ఆర్భాటమునకును లోబడి ఆ కీర్తనను ఉత్సవగీతముగా మార్చివేయక, పాడుటకు ముందు ఆ చెరసాల కథను పిల్లలకు రెండు మాటలలోనైన చెప్పుడు, పిమ్మట వారి గొంతుతో వారిని పాడుకొననిండు.