వాట్ల వ్యామోహం – వినికిడి వివేకం

ఉద్యోగంలో కుదురుకున్న యువకుడు ఇంటికి ఒక మంచి స్టీరియో తెచ్చుకోవాలని ఆశించడం మెచ్చదగిన విషయమే. కాని ఆంప్లిఫైయరును ఎన్నుకొనే వేళ మనవారు అడిగే మొదటి ప్రశ్న “ఎన్ని వాట్లు?” అన్నది. ఈ ప్రశ్నే మనలను తప్పుదారి పట్టిస్తున్నదని మా అభిప్రాయం.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో ఆంప్లిఫైయరు అనగానే మనసులో మెదిలేది పెండ్లి పందిరిలోని మైకు సెట్టు. ఆరుబయట వందలాది జనానికి మాట వినిపించడం దాని ధర్మం. అక్కడ బలమే ప్రధానం. పన్నెండడుగుల గదిలో నలుగురు కూర్చుండి వినే పాటకు ఆ కొలత పనికిరాదు.

లెక్కనే చూద్దాం. వాట్లు రెట్టింపైతే ధ్వని పెరిగేది 3 డెసిబెల్సు మాత్రమే. చెవికి శబ్దం రెండింతలుగా తోచాలంటే వాట్లు దాదాపు పదింతలు కావాలి. కనుక 50 వాట్లకు బదులు 100 వాట్లు కొన్నవానికి దక్కేది స్వల్ప భేదమే. మరొక సంగతి: 1 వాటుకు 1 మీటరు దూరాన 90 డెసిబెల్సు పలికే స్పీకరుకు, 87 పలికే స్పీకరుకు కావలసిన శక్తిలో సగం చాలు. స్పీకరును ఎరుగకుండా ఆంప్లిఫైయరు కొనడం, పాదం కొలవకుండా చెప్పులు కుట్టించుకోవడం వంటిది. అట్టపెట్టెపై పెద్ద అక్షరాలలో కనిపించే పి.ఎం.పి.ఓ. అంకెకు నిర్ణీత ప్రమాణమే లేదు. చూడవలసినది ఆర్.ఎం.ఎస్. అంకె, అదీ ఎన్ని ఓముల స్పీకరుకో, ఎంత వికృతితోనో తెలుసుకొని చూడాలి.

1978లో వెలువడిన నాడ్ 3020 ఆంప్లిఫైయరు శక్తి ఒక్కొక్క చానలుకు 20 వాట్లే. అయినా ప్రపంచమంతటా శ్రోతల మన్నన పొందింది. అంకె చిన్నదైనా, అవసరమైన క్షణంలో స్పీకరు కోరిన కరెంటును ధారాళంగా ఇవ్వగలగడమే దాని గొప్పతనం. గద్వాల చీరలో నూలుకు పట్టు అంచును కలిపే నేర్పులోనే అందమున్నది. ఆంప్లిఫైయరు, స్పీకర్ల పొందిక కూడా అట్టిదే.

అయితే వాట్లు అక్కరలేదని మేము అనడం లేదు. శక్తి చాలని యంత్రాన్ని బలవంతంగా హెచ్చిస్తే ధ్వని చిట్లుతుంది, స్పీకరు చెడే ప్రమాదమూ గలదు. అవసరానికి కొంత మిగులు ఉండాలి. ఆడంబరానికి మాత్రం కాదు. ఖరీదైన క్లాస్ ఏ యంత్రాలు వాడుకొనే విద్యుత్తులో అధిక భాగాన్ని వేడిగా మారుస్తాయి. మన మే నెల ఎండలలో, చిన్న గదిలో, ఆ సంగతిని మరువరాదు.

మరి ఉన్నత శ్రేణి అనగా నేమి? తనదంటూ ఏమీ చేర్చకుండా, పాటలోనిది ఏదీ పోగొట్టకుండా వినిపించేదే ఉన్నతమైనది. దుకాణానికి వెళ్లేటప్పుడు మీకు బాగా తెలిసిన పాటను వెంట తీసుకొనిపొండి. మెహదీ హసన్ గజల్‌లో చరణానికీ చరణానికీ నడుమ నిశ్శబ్దం నిర్మలంగా ఉన్నదా? 2022లో పద్మశ్రీ పొందిన మన నాగర్‌కర్నూలు జిల్లా కళాకారుడు దర్శనం మొగిలయ్య వాయించే పన్నెండు మెట్ల కిన్నెరలో, సొరకాయ బుర్రల గుంభనమైన నాదం వినవచ్చుచున్నదా? రెండు యంత్రాలను పోల్చేటప్పుడు రెంటినీ సమానమైన బిగ్గరతనంలో ఉంచమని పట్టుబట్టండి. రవ్వంత బిగ్గరగా పలికేదే మేలైనదని చెవి భ్రమపడుతుంది. అమ్మేవానికి ఈ కిటుకు తెలుసును, కొనేవారికీ తెలియాలి.

సామాన్య గృహస్థుకు పది రూపాయలూ విలువైనవే. అందులో పెద్ద భాగాన్ని స్పీకర్లకు కేటాయించి, వాటికి తగిన ఆంప్లిఫైయరును తెచ్చుకోవడం వివేకం. వనపర్తి రాజప్రాసాదంలో వెలసిన పాలిటెక్నిక్‌లో ఓమ్ సూత్రం చదువుకున్న విద్యార్థులు, ఇంటి పెద్దలకు ఈ లెక్కను విడమరచి చెప్పాలని మా కోరిక. ఇరుగుపొరుగును అదరగొట్టే శబ్దం సంపదకు గుర్తు కావచ్చు. సంగీతాభిరుచికి మాత్రం కాదు.